సెట్ పెద్దదా, రన్ పెద్దదా?

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో ముద్రణలో ఎక్కువ అర్థాలున్న మాట సెట్. క్రియగానే సుమారు 430. తర్వాతి సవరణలో రన్ 645 అర్థాలతో దాన్ని దాటేసింది.

రన్ అంటే పరుగు అని బడిలో నేర్చుకుంటాం. చిక్కంతా అక్కడే. ఇంగ్లిష్‌లో నది, ముక్కు, షాపు, ఉతికిన బట్ట రంగు అన్నిటికీ రన్నే. తెలుగులో నది పారుతుంది, ముక్కు కారుతుంది, షాపు నడుస్తుంది, రంగు దిగుతుంది. అమెరికాలో ఎన్నికలకూ రన్నే వాడతారు. బ్రిటన్‌లో మాత్రం మనలాగే 'నిలబడతారు'. నాకు భలే నచ్చిన తేడా ఇది.

రన్ అర్థాలను కలిపే దారం కదలిక. సెట్‌కు ఇలాంటి ఒక్క దారం దొరకదు. సూర్యుడు అస్తమించినా, పెరుగు తోడుకున్నా, సిమెంటు గట్టిపడినా సెట్టే. అయినా మన నోళ్లలో ఎక్కువగా నానింది ఇదే: టీవీ సెట్, సినిమా సెట్, సెట్ దోశ, 'సంబంధం సెట్ అయింది', 'అది నాకు సెట్ కాదు'. ఈ చివరి వాడుక లండన్‌లో ఎవరికీ అర్థం కాదు.

నేర్చుకునేవాళ్లు రన్‌తో మొదలుపెట్టండి. కదలిక అనే మూలం పట్టుకుంటే సగం అర్థాలు ఊహకే అందుతాయి. సెట్‌ను మాత్రం వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవాల్సిందే.