ప్రోటిస్టా, బాక్టీరియానా: ఎవరితో వేగడం తేలిక?

రక్తమూ జిగురూ కలిసి పడే విరేచనాలను మనం ఒకే జబ్బుగా చెప్పుకుంటాం కానీ, వాటికి ఒకదానితో ఒకటి ఏ మాత్రం పోలిక లేని రెండు ఏకకణ జీవుల్లో ఏదైనా కారణం కావచ్చు. ఒకటి, 1897లో జపాన్‌లో కియోషి షిగా గుర్తించిన షిగెల్లా అనే బాక్టీరియా. రెండవది, ఎంటమీబా హిస్టోలిటికా అనే అమీబా; ఇది ప్రోటిస్టు, అంటే కేంద్రకం ఉన్న ఏకకణ జీవి. కలుషితమైన నీరు, ఆహారం, కడుక్కోని చేతులు రెండింటికీ దారులే.

షిగెల్లా పొడవు 1 నుంచి 3 మైక్రోమీటర్లు, అమీబా దాదాపు 20 మైక్రోమీటర్లు. అయితే పరిమాణాన్ని నమ్ముకోలేము. 2022లో శాస్త్రవేత్తలు వర్ణించిన థియోమార్గరిటా మాగ్నిఫికా అనే బాక్టీరియా సుమారు సెంటీమీటరు పొడవుతో మామూలు కంటికే కనిపిస్తుంది. అసలు తేడా కేంద్రకంలో ఉంది. బాక్టీరియాలో సాధారణంగా డీఎన్‌ఏ పొర ఏదీ లేకుండా కణద్రవ్యంలోనే ఉంటుంది. ప్రోటిస్టులో మన కణాల్లో మాదిరిగానే కేంద్రకం లోపల భద్రంగా ఉంటుంది. ఆ లెక్కన అమీబా బాక్టీరియాకన్నా మనకే దగ్గరి చుట్టం.

ఈ చుట్టరికమే వైద్యానికి చిక్కు తెచ్చిపెడుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన రోజుల్లో వెలువడిన ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్, ప్రోటీన్లను తయారుచేసే బాక్టీరియా రైబోసోములకు అతుక్కుని ఆ తయారీని ఆపుతుంది. మన కణాల రైబోసోములు వేరే రకానివి కనుక మందు శత్రువును గుర్తుపట్టి కొట్టగలుగుతుంది. ప్రోటిస్టుల రైబోసోములు మాత్రం మన రకానివే కనుక అక్కడ ఆ తేడా దొరకదు. సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ 1897లోనే దోమ కడుపులో చూసిన మలేరియా పరాన్నజీవి ఇందుకు ఒక వింత మినహాయింపు: అది కూడా ప్రోటిస్టే అయినా, దాని పూర్వులు ఎప్పుడో మింగిన శైవలం నుంచి మిగిలిన భాగంలో బాక్టీరియా తరహా రైబోసోములు ఉన్నందున, ఆరియోమైసిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ దాని మీద పనిచేస్తుంది. అమీబాకు అటువంటి భాగం లేదు. దానికి వాడే మెట్రోనిడజోల్ ఆక్సిజన్ అందని కణాల్లోనే విషంగా మారుతుంది కాబట్టి మన కణాలు చాలావరకు తప్పించుకుంటాయి. పేగులో మిగిలిపోయే సిస్టుల (గట్టి గోడ కట్టుకుని నిద్రాణంగా ఉండే అమీబాల) కోసం మరో మందు కూడా వాడవలసి వస్తుంది.

నీటి విషయంలోనూ బాక్టీరియాతోనే పని తేలిక. కుళాయి నీటిలో కలిపే మామూలు మోతాదు క్లోరిన్‌కు షిగెల్లా చస్తుంది, గట్టి గోడ ఉన్న అమీబా సిస్టు తట్టుకుంటుంది. మరగకాచిన నీటిలో రెండూ బతకవు.

ఇంతమాత్రాన బాక్టీరియాను తేలికగా తీసుకుంటే పొరపాటే. అమీబా కణం రెండుగా చీలి పెరుగుతుంది, అంతే. బాక్టీరియాలు అలా పెరగడమే కాక, మందులను తట్టుకునే జన్యువులను ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాల రూపంలో ఇరుగుపొరుగు బాక్టీరియాలకు కూడా పంచిపెడతాయి. అందుకే నిన్న పనిచేసిన యాంటిబయాటిక్ షిగెల్లా మీద నేడు పనిచేయకపోవచ్చు. ఒక్క మందు విషయమే చూస్తే, దీర్ఘకాలంలో నాకు అమీబాయే నయమనిపిస్తుంది.

నిర్ధారణ పద్ధతులు కూడా వేరు. ఎర్ర రక్తకణాలను మింగి కదులుతున్న అమీబా, ఆలస్యం కాకుండా చూసిన మలం నమూనాలో సూక్ష్మదర్శిని కిందనే దొరికిపోవచ్చు. షిగెల్లాను పోల్చుకోవడానికి సాధారణంగా నమూనాను కల్చర్‌కు పెట్టి, అంటే అందులోని బాక్టీరియాను ప్రయోగశాలలో పెరగనిచ్చి, ఎదురుచూడవలసిందే.