అక్లూజ్‌లో అన్నదమ్ముల ద్రాక్షతోట

మహారాష్ట్రలోని మా షోలాపూర్ వాళ్లకు ద్రాక్ష కొత్త కాదు. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మా తూర్పు పేటల పిల్లలం కూడా మాఘమాసం వచ్చిందంటే నాన్నజ్ ద్రాక్ష బండి కోసం ఎదురుచూసేవాళ్లం. సొనాకా అనే ద్రాక్ష రకం పుట్టింది ఆ ఊళ్లోనే. నానాసాహెబ్ కాళే అనే రైతు థాంప్సన్ అనే రకం తీగల్లో పొడుగు కాయలు కాసిన దాన్ని కనిపెట్టి, వేరు చేసి పెంచాడు. షోలాపూర్‌లో సో, నాన్నజ్‌లో నా, కాళేలో కా కలిపి ఆ పేరు పెట్టారంటారు.

అదే జిల్లాకు పడమటి చివర, అక్లూజ్ దగ్గర, వైన్ కోసమే ద్రాక్ష పండించే ఫ్రాటెల్లి తోట ఉందని ఎప్పటినుంచో తెలుసు. వెళ్లడం మాత్రం ఈ ఫిబ్రవరిలోనే కుదిరింది. అన్నయ్య, వదిన, మా ఆవిడ, నేను. రెండు రోజులు.

తెల్లవారుజామున బయల్దేరి ముందు పండరీపురం చేరాం. మా ఊరి నుంచి సుమారు 75 కిలోమీటర్లు. పనిరోజు కాబట్టి ముఖదర్శనం అరగంటలో అయింది. పాదస్పర్శ దర్శనం కావాలంటే పూట పడుతుందన్నారు, ఆగలేదు. అక్కడి నుంచి అక్లూజ్ ఇంకో 40 కిలోమీటర్లు. పాండురంగడి దర్శనం చేసుకుని నేరుగా వైన్ తోటకా అని వదిన కాసేపు ముభావంగా ఉంది. "తోట చూద్దాం వదినా, తాగమని ఎవరూ బలవంతపెట్టరు" అన్నాను. నిజంగానే ఎవరూ పెట్టలేదు. తాగని ఆడవాళ్లను తీసుకెళ్లవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: నిశ్చింతగా తీసుకెళ్లండి.

అక్లూజ్ నీరా నది ఒడ్డున ఉన్న చెరకు ఊరు. ఆషాఢంలో తుకారాం మహారాజ్ పల్లకి యాత్ర ఈ ఊరి మీదుగానే పండరికి వెళ్తుంది. శంకర్‌రావు మోహితే పాటిల్ పేరు మీద ఉన్న సహకార చక్కెర ఫ్యాక్టరీ ఇక్కడి బతుకుకు ఆధారం. అలాంటి చోట వైన్ ద్రాక్ష ఎలా వచ్చిందన్నదే ఈ తోట కథ. ఫ్రాటెల్లి అంటే ఇటాలియన్‌లో అన్నదమ్ములు. మూడు జతల అన్నదమ్ములు కలిసి 2006-07 ప్రాంతంలో మొదలుపెట్టారు: ఇటలీ నుంచి ఆంద్రేయా, అలెస్సియో సెచ్చీ, ఢిల్లీ నుంచి కపిల్, గౌరవ్ సెఖ్రి, భూమి ఉన్న అక్లూజ్ కుటుంబం నుంచి రణజిత్‌సింహ్, అర్జున్‌సింహ్ మోహితే పాటిల్. వైన్ తయారీకి ఇటలీలోని టస్కనీ నుంచి పియెరో మాసీ వచ్చాడు. ఆయనతో కలిపి ఏడుగురు. వాళ్ల పేరుమోసిన రెడ్ వైన్ పేరు సెట్టే, అంటే ఏడు. మోటేవాడి, గార్వాడ్, నిమ్‌గావ్ అని మూడు చోట్ల కలిపి సుమారు 240 ఎకరాల్లో తీగలున్నాయి.

ఇది వింటున్నంతసేపూ అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. మా నాన్న, ముగ్గురు బాబాయిలు ఒకే కార్ఖానాలో టవళ్లు నేయించేవారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తాత పెట్టినది. ఇప్పుడది నాలుగు గోడల మధ్య నాలుగు ముక్కలు. వేర్వేరు దేశాలవాళ్లు ఒక తోటకు అన్నదమ్ములని పేరు పెట్టుకుని ఇన్నేళ్లు నిలబెట్టారంటే మా ఇద్దరికీ అది ఊరికే వినిపోయే మాట కాదు.

తోటలో నడకే ఈ యాత్రలో అన్నిటికంటే విలువైనది. టోపీ, నీళ్ల సీసా మర్చిపోవద్దు, పదకొండు దాటితే ఎండ మాడుస్తుంది. మాకు చూపించినాయన మరాఠీలో ఓపికగా చెప్పాడు. యూరప్‌లో చలికాలం ఆకు రాలి తీగ నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి లేదు, తీగ ఆగదు. అందుకే ఏడాదికి రెండుసార్లు ఛాటణీ, అంటే కొమ్మల కత్తిరింపు: ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబర్ ప్రాంతంలో కాయ కోసం. వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా, ఎండలు ముదరకముందే. మీరు వెళ్లాల్సిందీ అప్పుడే. వర్షాకాలంలో పచ్చగా ఉంటుంది గానీ గుత్తులు కనిపించవు.

ఒక గుత్తి తుంచి చేతిలో పెట్టాడు. సాంజొవేసె, టస్కనీ రకం. మనం తినే ద్రాక్షలో సగం కూడా లేదు కాయ. తోలు మందం, నల్లటి నీలం, పైన బూడిద పూసినట్టు పొర. నోట్లో వేసుకుంటే ముందు తేనెలాంటి తీపి, తర్వాత పుల్లదనం. "విత్తనం ఉమ్మేయకండి, చూడండి" అన్నాడు. అరచేతిలో వేసుకుంటే గోధుమరంగు. విత్తనం ఇంకా పచ్చగా ఉంటే కోతకు రాలేదని లెక్కట. కొరికితే పటపటమంది, వెంటనే పచ్చి వక్క నమిలినంత వగరు. రెడ్ వైన్‌లో నాలుకను పట్టేది ఈ వగరే, తోలు నుంచీ విత్తనం నుంచీ వస్తుంది. బజారు ద్రాక్ష గుత్తులను కాయ పెరిగే మందులో ముంచి సాగదీస్తారు, ఎకరాకు ఎన్ని టన్నులొస్తే అంత లాభం. ఇక్కడ కావాలనే గుత్తులు తగ్గిస్తారు. తక్కువ కాస్తేనే రుచి చిక్కబడుతుంది.

లోపల స్టీలు ట్యాంకులు, చల్లటి గది, 225 లీటర్ల ఓక్ పీపాలు. తడి చెక్క, పులిసిన పిండి కలిసినట్టు వాసన. తెల్ల వైన్‌కు రసం పిండి తోలు తీసేస్తారు, రెడ్‌కు తోలుతోనే పులియబెడతారు. నల్ల ద్రాక్ష లోపలి రసం తెలుపే కాబట్టి సాంజొవేసెతోనే తెల్ల వైన్ కూడా చేస్తారు, సాంజొవేసె బియాంకో అని. వదిన నమ్మలేదు. ఒక కాయ నలిపి చూపించారు, వేలి మీద రంగులేని చుక్క.

రుచి చూడటం తెల్లవాటితో మొదలై ఎర్రవాటితో ముగుస్తుంది. సొవిన్యోఁ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో దోరజామకాయ వాసన. ఎండలో తిరిగొచ్చిన నాకు అన్నిటికంటే అదే నచ్చింది. షెనిన్ అనే ఇంకో తెల్లది కొంచెం తీపి, మా ఆవిడకు నచ్చింది. సాంజొవేసె రెడ్ నేరేడుపండులా పుల్లగా వగరుగా ఉంది, తిండి లేకుండా తాగలేం. మా సంచిలో కడక్ భాకరి అనే గట్టి రొట్టెలు, శేంగా (వేరుశెనగ) చట్నీ ఉన్నాయి, అడిగితే తినమన్నారు. ఆ కారానికి సాంజొవేసె చక్కగా కుదిరింది. సెట్టే మాత్రం వేరే లోకం. సాంజొవేసె, కాబెర్నే సొవిన్యోఁ అనే రెండు నల్ల ద్రాక్ష రకాలు కలిపి ఓక్ పీపాల్లో నిలవచేసినది. తొందరపడి తాగేది కాదు, గ్లాసులో పావుగంట ఉంచితే వాసన మారుతుంది. 1976లో పారిస్‌లో వైన్ల పోటీ పెట్టి కాలిఫోర్నియా వైన్లకు పేరు తెచ్చిన స్టీవెన్ స్పరియర్ కూడా మాసీతో కలిసి ఇక్కడ ఎం/ఎస్ పేరుతో వైన్లు చేశాడు. అవి ఆ రోజు మాకు దొరకలేదు.

బస దగ్గరే దెబ్బతిన్నాం. తోటలోనే కొన్ని గదులున్నాయి గానీ ముందే బుక్ చేసుకోవాలి, మేం ఆలస్యం చేశాం. ఊళ్లో ఒక లాడ్జిలో ఫోన్ మీద రెండు గదులు చెప్పి పెట్టాం. వెళ్లేసరికి ఒకటే ఉందన్నారు. గంట వాదించాక రెండోది మూడో అంతస్తులో ఇచ్చారు, లిఫ్ట్ లేదు. వదినకు మోకాళ్ల నొప్పి. వేడినీళ్లు పొద్దున అరగంటే. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. తోటలో గది దొరకకపోతే చీకటితో బయల్దేరి రాత్రికి ఇంటికి చేరుకోవడమే మేలు. కాకపోతే బండి నడిపేవాళ్లు రుచి చూడకూడదు, మా డ్రైవర్ టీతో సరిపెట్టుకున్నాడు.

నాసిక్ వైపు వైన్ తోటలకు వెళ్లినప్పుడు శని, ఆదివారాల్లో పాటలు, సెల్ఫీలు, గుంపులు. సందడి కావాలంటే అక్కడికి వెళ్లండి. తీగ దగ్గర నిలబడి మాట్లాడే మనిషి కావాలంటే అక్లూజ్ రండి, ముందు ఫోన్ చేసి మరీ రండి.

వచ్చేటప్పుడు అన్నయ్య ఒక సెట్టే బాటిల్ కొన్నాడు. దారిలో గుంతలకు పగులుతుందేమోనని మా టవల్ ఒకటి తీసి చుట్టి, షోలాపూర్ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు. దీపావళికి బాబాయిలందరినీ పిలిచి తెరుద్దామంటున్నాడు. ఇద్దరికి ఇప్పటికే ఫోన్ చేశాడు.