పారిపోయే డాక్టరా, ఊళ్లు తిరిగే దేవదూతా?

అమెరికా టీవీలో ఊరూరా తిరిగి మేలు చేసిన హీరోలు చాలామందే. ‘ది ఫ్యుజిటివ్’ ముందు మాత్రం ఇంకేదీ నా కంటికి ఆనదు. 1963 నుంచి 67 దాకా 120 ఎపిసోడ్లు. చేయని హత్యకు మరణశిక్ష పడ్డ డాక్టర్ కింబుల్, పోలీసు తరుముతున్నా ఆగి ఎవరికో సాయం చేస్తాడు. ఆ సాయమే అతణ్ణి పట్టిస్తుందేమోనని మనకు టెన్షన్. చివరికి ఒంటిచేతి హంతకుడు దొరికి లెక్క తేలుతుంది.

‘హైవే టు హెవెన్’ (1984–89)లో మైకేల్ లాండన్ దేవదూత. తరిమేవాడు లేడు, పోయేదీ లేదు. కన్నీళ్లకు మాత్రం కరువుండదు!

తర్వాత వారాల తరబడి ఒకే కథ సాగే సీరియళ్లు పెరిగాయి. వారానికో కొత్త ఊరనే పద్ధతి వెనకబడింది. ఒక ఎపిసోడ్ తప్పినా పర్వాలేదనే సుఖం కూడా దాంతోనే పోయింది.