హ్యాకింతోష్‌లో ప్రాసెసర్ పేరు తప్పుగా చూపిస్తోందా? ఏ పద్ధతి మేలు?

సొంతంగా అసెంబుల్ చేసుకున్న పీసీలో ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడర్ (ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్)తో మ్యాక్‌ఓఎస్ ఎక్కించి హ్యాకింతోష్ చేసుకున్నాక చాలామందికి ఎదురయ్యేదే ఇది. అబౌట్ దిస్ మ్యాక్ తెరిస్తే ప్రాసెసర్ దగ్గర ‘అన్‌నోన్’ అని ఉంటుంది, లేదంటే మనం కొనని ఇంటెల్ జియాన్ చిప్ పేరు ఉంటుంది. సరిచేయడానికి మూడు నాలుగు దారులున్నాయి. అన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి కానీ రిస్క్ మాత్రం ఒకటి కాదు.

ఏది చేసినా ముందు టెర్మినల్ తెరిచి సిస్‌సీటీఎల్ కమాండ్‌తో సీపీయూ బ్రాండ్ స్ట్రింగ్ ఏంటో అడగండి. అది చిప్ తన గురించి తాను చెప్పుకునే పేరు. అక్కడ ‘ఐ5-12400’ అనో ‘రైజెన్ 5 5600’ అనో సరిగ్గా వస్తే కెర్నెల్‌కు (మ్యాక్‌ఓఎస్ మూల భాగానికి) చిప్ పేరు సరిగ్గానే అందుతోందన్నమాట. తప్పంతా అబౌట్ దిస్ మ్యాక్ కిటికీలో కనిపించే లేబుల్‌దే. ఎస్‌ఎమ్‌బయోస్‌లో (మెషీన్ మోడల్, సీరియల్ నంబరు వంటి వివరాలుండే పట్టికల్లో) ఆపిల్ తన కోసం పెట్టుకున్న 131వ రకం పట్టికలోని నంబరును బట్టి ఆ లేబుల్ వస్తుంది. 12వ తరం ఇంటెల్‌తో గానీ రైజెన్‌తో గానీ ఆపిల్ ఏనాడూ మ్యాక్ అమ్మలేదు. కాబట్టి వాటి పేర్లు మ్యాక్‌ఓఎస్ దగ్గర ఉండవు.

అన్నిటికన్నా తేలిక, ఓపెన్‌కోర్ సెట్టింగ్స్ ఫైలైన కాన్ఫిగ్‌లో ప్రాసెసర్‌టైప్ విలువ మార్చడం. మామూలుగా అక్కడ 0 ఉంటుంది, అంటే ఓపెన్‌కోరే చూసుకుంటుంది. 10వ తరం ఐ5-10400కు ఐమ్యాక్20,1 మోడల్ పెట్టుకున్నవాళ్లు దాన్ని అలాగే వదిలేయొచ్చు, ఆ తరం చిప్‌లు నిజమైన ఐమ్యాక్‌లలోనూ ఉన్నాయి. కొత్త చిప్‌లకు మాత్రం ఇది సగం వైద్యమే. నంబరు మారిస్తే ఆపిల్ జాబితాలోని ఇంకో పేరు వస్తుంది తప్ప మీ చిప్ పేరు రాదు.

కొందరు పేరు కోసం ఎస్‌ఎమ్‌బయోస్ మోడల్‌నే మార్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పవర్ మేనేజ్‌మెంట్, ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ తీరు, ఏ వెర్షన్ దాకా అప్‌డేట్ వస్తుందన్నది, అన్నీ ఆ మోడల్ మీదే ఆధారపడి ఉంటాయి. సీరియల్ నంబరు కూడా మార్చాల్సి వస్తుంది, దాంతో ఐక్లౌడ్, ఐమెసేజ్ సైన్ఇన్‌ల టెన్షన్ మళ్లీ మొదలు.

ఇక పాత పద్ధతి. సిస్టమ్ ఫోల్డర్‌లో ఆపిల్‌సిస్టమ్‌ఇన్ఫో ఫ్రేమ్‌వర్క్‌లోని స్ట్రింగ్స్ ఫైలు తెరిచి, ‘అన్‌నోన్’ ఉన్న చోట మన పేరు రాయడం. ఒకప్పుడు ఇది బాగానే నడిచింది. 2020లో బిగ్ సర్‌తో సిస్టమ్ వాల్యూమ్‌కు సీల్ (ఫైళ్లు మారితే పసిగట్టే రక్షణ) వేశారు. ఇప్పుడు ఆ ఒక్క లైను మార్చాలంటే సిప్ (సిస్టమ్ ఫైళ్లను మార్చనివ్వని రక్షణ) ఆపాలి, ఆథెంటికేటెడ్ రూట్ (సీల్‌ను సరిచూసే తనిఖీ) ఆపాలి, వాల్యూమ్‌ను రాయడానికి వీలుగా మౌంట్ చేయాలి, మార్చాక కొత్త స్నాప్‌షాట్ (ఆ వాల్యూమ్ నకలు) తీసి దాని నుంచే బూట్ అయ్యేలా చేయాలి. సీల్ పోయిందంటే చిన్న అప్‌డేట్‌కు కూడా మొత్తం ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్ అవుతుంది, అది పూర్తయ్యాక మీరు రాసిన పేరు పోతుంది. ఒక లేబుల్ కోసం ఇంత నష్టం నాకైతే అస్సలు సమ్మతం కాదు.

నా ఓటు రెస్ట్రిక్ట్‌ఈవెంట్స్ అనే కెక్స్ట్‌కే (కెర్నెల్‌కు చేర్చే చిన్న ప్రోగ్రామ్). ఇది లిలు అనే ఇంకో కెక్స్ట్ మీద నడిచే ప్లగిన్, కాబట్టి కాన్ఫిగ్‌లో లిలు తర్వాతే ఉండాలి. డిస్క్‌పై ఫైళ్ల జోలికి పోదు, మెమరీలో మాత్రమే పేరు మారుస్తుంది. ఏఎమ్‌డీ మెషీన్లలో దానంతట అదే పని మొదలుపెట్టి చిప్ చెప్పిన పేరు చూపిస్తుంది. ఇంటెల్‌లో మాత్రం డీఫాల్ట్‌గా ఆఫ్ ఉంటుంది, రెవ్‌సీపీయూ అనే సెట్టింగ్ విలువ 1 పెట్టాలి. నచ్చిన పేరు కావాలంటే రెవ్‌సీపీయూనేమ్‌లో రాయాలి. 48 అక్షరాల దాకా పడుతుంది కానీ 20 లోపు ఉంటేనే మంచిది. పేరు మధ్యలో ఖాళీ ఉంటే బూట్ ఆర్గ్యుమెంట్స్‌లో (మ్యాక్‌ఓఎస్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆదేశాల వరుసలో) కుదరదు, అక్కడ ఖాళీ అంటే ఇంకో ఆర్గ్యుమెంట్ మొదలైనట్టే. అందుకే కాన్ఫిగ్‌లోని ఎన్‌వీరామ్ (పవర్ ఆపినా సెట్టింగ్స్ నిలిచే మెమరీ) విభాగంలో 4డీ1ఎఫ్‌తో మొదలయ్యే జీయూఐడీ (గుర్తింపు కోడ్) కింద పెట్టాలి. తర్వాత పేరు మార్చినా పాతదే కనిపిస్తుంటే కంగారు పడకండి. ఎన్‌వీరామ్‌లో ఇప్పటికే ఉన్న విలువ మీద ఓపెన్‌కోర్ కొత్తది రాయదు. డిలీట్ విభాగంలో కూడా ఆ వేరియబుల్ పేరు చేర్చి రీస్టార్ట్ చేయండి.

దీన్ని మిగతావాటికంటే ముందు పెట్టడానికి పెద్ద కారణం, తేడా వస్తే వెనక్కి రాగలగడం. మ్యాక్‌ఓఎస్‌ను ఆపిల్ బ్రాండ్ మెషీన్లలోనే వాడాలన్నది వాళ్ల లైసెన్స్ షరతు, కాబట్టి మన పీసీ మొరాయిస్తే ఆపిల్ వైపు నుంచి సాయం ఉండదు. రెస్ట్రిక్ట్‌ఈవెంట్స్ మాత్రం ఈఎఫ్‌ఐలో (ఓపెన్‌కోర్ ఫైళ్లుండే ఫోల్డర్‌లో) ఉంటుంది. పాత ఈఎఫ్‌ఐ ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే, బూట్ కాకపోయినా దాంతో లోపలికి వెళ్లి సరిచేసుకోవచ్చు.

కాన్ఫిగ్‌లోని ఎమ్యులేట్ విభాగంలో సీపీయూఐడీ (చిప్ గుర్తింపు సంఖ్య) మార్చమని కొందరు సలహా ఇస్తారు. అది పేరు కోసం కాదు. 11, 12వ తరం ఇంటెల్ చిప్‌లను కెర్నెల్ గుర్తుపట్టదు కాబట్టి కామెట్ లేక్‌గా (10వ తరం చిప్‌గా) నమ్మించి బూట్ చేయించడానికి. మీ చిప్‌కు అది అవసరమైతే ఇప్పటికే ఉండి ఉంటుంది, దాన్ని కదపకండి.

ఒక హెచ్చరిక కూడా. ఈ కెక్స్ట్‌తో ఐ3కి ఐ9 అని పేరు పెట్టినా ఆపేవాళ్లు లేరు. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి పీసీ కొనేవాళ్లు అబౌట్ దిస్ మ్యాక్ చూసి డబ్బు చేతిలో పెట్టకండి, బయోస్ స్క్రీన్‌లో ప్రాసెసర్ పేరు చూపించమనండి.