చెర్రీ డార్క్ ఏల్‌కి నేను ఎంచుకునే ఈస్ట్: వైయీస్ట్ 3787

ఇంట్లో చెర్రీ వేసి బెల్జియన్ డార్క్ ఏల్ (ముదురు రంగు బీరు) చేద్దామనుకునే వాళ్లు ముందుగా అడిగేది చెర్రీల గురించే. ఏ రకం, ఎన్ని కిలోలు, ఎప్పుడు వేయాలి అని. నన్నడిగితే ముందు ఈస్ట్ సంగతి తేల్చుకోవాలి. అసలు బీరు చప్పగా ఉంటే ఎంత పండు వేసినా చివరికి దగ్గు మందు తాగినట్టే ఉంటుంది. ఆ బీరుకి రుచి కట్టేది వైయీస్ట్ కంపెనీ అమ్మే ఈ 3787 ఈస్ట్.

బెల్జియంలోని వెస్ట్‌మాల్ మఠం బ్రూవరీలో వాడే ఈస్ట్ ఇదేనని హోమ్‌బ్రూయర్లలో (ఇంట్లో బీరు చేసుకునేవాళ్లలో) పేరు. నేను 18 డిగ్రీల దగ్గర వేసి, పులియడం బాగా అందుకున్నాక మెల్లగా 23 దాకా పెరగనిస్తాను. మొదట్లోనే వేడెక్కితే అరటిపండు వాసన ఎక్కువై చెర్రీని మింగేస్తుంది. నిదానంగా పెంచితే లవంగం ఘాటు, మాగిన పియర్ వాసన సమంగా వస్తాయి. చెర్రీ పులుపు పక్కన ఆ లవంగం ఎంత బాగా కుదురుతుందో తాగితేనే తెలుస్తుంది!

నేను చేసింది 20 లీటర్ల బ్యాచ్. ఎక్కువ భాగం పిల్స్‌నర్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), కొంత మ్యూనిక్ మాల్ట్, ఎండుద్రాక్ష రుచి కోసం 200 గ్రాముల స్పెషల్ బి అనే ముదురు మాల్ట్, ఇంకా అర కిలో ముదురు క్యాండీ సిరప్. 1.066 దగ్గర మొదలైన గ్రావిటీ (చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత కొలత) చెర్రీలు వేయకముందే 1.012కి దిగింది. దాదాపు 7 శాతం ఆల్కహాల్ ఉన్నా నోటికి బరువు అనిపించదు. పండు వేసే బీరుకి ఈ గుణం చాలా ముఖ్యం, తీపి మిగిలిపోతే రెండో గుక్కకే మొహం మొత్తుతుంది.

ఒక జాగ్రత్త. ఈ ఈస్ట్‌కి నురుగు విపరీతం. ఫెర్మెంటర్‌లో (పులియబెట్టే పాత్రలో) నాలుగో వంతైనా ఖాళీ ఉంచండి, గ్యాస్‌ని మాత్రమే వదిలే చిన్న ఎయిర్‌లాక్ మూత బదులు నురుగు కూడా బయటికి పోయేలా లావుపాటి బ్లో-ఆఫ్ ట్యూబ్ పెట్టండి.

ఇక చెర్రీలు. గింజ తీసి పాశ్చరైజ్ చేసిన పుల్ల చెర్రీ గుజ్జు 1.4 కిలోలు, అదీ మొదటి జోరు తగ్గాకే వేశాను. ముందే వేస్తే వాసనంతా గ్యాస్‌తో పాటు బయటికి పోతుంది. తీపి చెర్రీలు నేను వేయను. వాటి చక్కెరను ఈస్ట్ తినేశాక చెప్పుకోదగ్గ రుచి మిగలదు. పుల్లవాటిలో చక్కెర పోయినా పులుపు నిలుస్తుంది. గింజల నుంచి వచ్చే బాదం వాసన ఇష్టమైతే గుజ్జు బదులు గింజలున్న పండ్లే వాడుకోవాలి. ఎసెన్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

3787 త్వరగా అడుగుకి చేరే రకం కాదు. దానికి పండు పిప్పి కూడా తోడవుతుంది కాబట్టి బీరు తేటపడడానికి టైమ్ పడుతుంది. తొందరపడి సీసాల్లో నింపొద్దు. కొన్ని రోజుల పాటు గ్రావిటీ కదలకుండా ఉందని చూసుకున్నాకే, మందపాటి గాజు సీసాల్లోనే నింపండి. పండు చక్కెర ఇంకా మిగిలి ఉంటే సీసాలు పేలతాయి.

ప్యాకెట్‌లో సుమారు 100 బిలియన్ కణాలుంటాయి. ఇంత గ్రావిటీకి దాదాపు రెండున్నర రెట్లు కావాలి. అందుకే ఒక ప్యాకెట్‌నే నేరుగా పోసేయకుండా, ముందు స్టార్టర్ చేసుకుని, అంటే కొద్దిపాటి మాల్ట్ ద్రవంలో ఈస్ట్‌ని పెంచుకుని, వేయండి.