'పది ఎత్తుల్లో గెలుపు' చెస్ కోర్సుకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

కూకట్‌పల్లి, మియాపూర్ వైపు పిల్లలకు చెస్ నేర్పిస్తున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. సెలవుల బ్యాచ్ అంటూ మళ్లీ పాంప్లెట్లు పంచుతున్నారు, అందుకే ఇప్పుడే చెప్పాలనిపించింది.

మా బాబుకు పదేళ్లు. ఒక కోచింగ్ సెంటర్‌లో ఈ 'పది ఎత్తుల్లో గెలుపు' అనే మూడు నెలల ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తులు) కోర్సుకు 18,000 రూపాయలు కట్టాను. నేర్పింది దాదాపు ఒక్కటే, ఫ్రైడ్ లివర్ ఎటాక్ అని, తెల్ల పావులతో గుర్రాన్ని బలిచ్చి రాజు మీద దాడి చేసే పద్ధతి. తెల్ల బిషప్ సీ4లో, గుర్రం జీ5లో ఉంటాయి (ఇవి బోర్డు మీద గళ్ల పేర్లు). నల్ల పావులతో ఆడేవాళ్లు డీ5లో ఉన్న మన బంటును గుర్రంతో కొట్టగానే మన గుర్రం ఎఫ్7 మీదికి దూకాలి. వాడు దాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా బట్టీ పట్టాడు.

మొన్న అండర్-11 పోటీ మూడో రౌండ్‌లో ఎదుటి పాప ఆ బంటును కొట్టలేదు. రెండో గుర్రాన్ని ఏ5కు తెచ్చి మన బిషప్ మీదికి వచ్చింది. నల్లవాళ్లు ఎక్కువగా ఆడే ఎత్తే అది! బిషప్‌ను బీ5కు జరిపి చెక్ చెప్పాలి. మావాడికి అది ఎవరూ చూపించలేదు. నేర్పినట్టే ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చాడు, పాప రాజుతో కొట్టేసింది. ఆట అక్కడే పోయింది. ఇంటికొచ్చేదాకా వాడు నోరు విప్పలేదు.

స్కోర్ షీట్ చూసి ఒక పెద్దాయన కారణం చెప్పారు. నల్ల గుర్రం డీ5కు వస్తేనే మన మంత్రి ఎఫ్3 నుంచి రాజుకు చెక్ చెబుతూ ఆ గుర్రం మీదా దాడి చేయగలదు. గుర్రం ఎఫ్6లోనే ఉంటే మంత్రి చెక్‌కు దారే ఉండదు. ఐదు నిమిషాల్లో పిల్లాడికి అర్థమైంది. మూడు నెలల్లో ఈ ముక్క చెప్పలేదంటే నాకు ఇప్పటికీ కోపం ఆగడం లేదు.

డబ్బు వెనక్కి అడిగితే రసీదు కింద చిన్న అక్షరాల్లో ఉన్న 'రీఫండ్ లేదు' చూపించారు.

'ఫిడే రేటెడ్ కోచ్' అని చెప్పుకుంటే ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) ఐడీ అడగండి. ఫిడే సైట్‌లో ఎవరి రేటింగ్ అయినా ఉచితంగా చూడొచ్చు. మా కోచ్ పేరు వెతికితే దొరకలేదు. డెమో క్లాసులో 'ఎదుటివాళ్లు ఈ ఎత్తు ఆడకపోతే?' అని పిల్లల ముందే అడగండి. ఫీజు నెలనెలా కట్టండి.

ఇప్పటికే చేరినవాళ్లుంటే, ఏ5 గుర్రానికి బీ5 చెక్ ఉందని పిల్లలకు ఇవాళే చూపించండి.