ఆధార్ బయోమెట్రిక్ లాక్: తాళం గట్టిదే, వేసే భారమంతా మన నెత్తినే

ఖాతాలోంచి డబ్బు పోయిందని బ్యాంకుకు వెళ్తే కౌంటర్లో వినిపించే మొదటి ప్రశ్న, "ఓటీపీ ఎవరికైనా చెప్పారా?" ఆధార్‌తో డబ్బు తీసే ఏఈపీఎస్‌లో అసలు ఓటీపీయే ఉండదు, పిన్నూ ఉండదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర కుదిరితే ఎక్కడో ఉన్న మైక్రో ఏటీఎం (ఏజెంటు చేతిలోని చిన్న యంత్రం) మీద ఒక్కో లావాదేవీకి 10,000 రూపాయల దాకా తీసేయొచ్చు. లేని ఓటీపీని ఎవరికీ చెప్పలేదని నిరూపించుకోవాల్సిన గతి ఖాతాదారుది. ఈ దొంగతనానికి విరుగుడుగా ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ (పేరు అలా కుదిరింది, ఏం చేస్తాం) ఉచితంగా ఇస్తున్నదే బయోమెట్రిక్ లాక్.

ముద్రలు బయటికి ఎలా పోతాయో తెలిస్తే తాళం విలువ తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టం 32ఎ సెక్షన్ ప్రకారం స్థలం అమ్మినా కొన్నా ఫొటోతోపాటు వేలిముద్రలు ఇవ్వాల్సిందే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లోంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రలతో రబ్బరు వేళ్లు చేసి, వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసులో దొరికాడు. ఇందులో స్థలం కొన్నవాడి అజాగ్రత్త ఏమీ లేదు. చట్టం అడిగిన చోట వేలు పెట్టాడు, అంతే.

వాడకం సులువే. మైఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, క్యాప్చా, ఓటీపీతో లాగిన్ అయి 'లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్' నొక్కి, సమ్మతి గడిలో టిక్కు పెడితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ క్షణం నుంచి వేలు, కనుపాప, ముఖం మూడూ పనిచేయవు. ఎవరు ప్రయత్నించినా 330 అనే ఎర్రర్ వస్తుంది. రేషన్ షాపులో ఈపాస్ యంత్రం మీద ఈ అంకె కనిపిస్తే "మీ వేళ్లు అరిగిపోయాయి" అని డీలరు తిప్పి పంపేస్తుంటాడు. అరగడం కాదు, అది తాళం.

అవసరం పడితే మళ్లీ ఓటీపీతో లాగిన్ అయి తాత్కాలికంగా తెరవొచ్చు. పది నిమిషాల్లో తనంతట తానే మళ్లీ పడిపోతుంది. అందుకే వరసలో నిలబడగానే తెరవకండి, మీ ముందు ఇద్దరున్నప్పుడు తెరవండి. ఒకటో తారీఖున పింఛను ఇచ్చేవాళ్లు వచ్చేసరికి ఓటీపీ రాక ముసలివాళ్లు అవస్థ పడేదీ ఇక్కడే. ఆధార్‌కు ఫోన్ నంబరు ఎక్కించి లేకపోతే ఇంట్లోంచి తాళం వేయడమే కుదరదు. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి 75 రూపాయలు కట్టి నంబరు ఎక్కించుకోవాలి. ఏఈపీఎస్ మీద ఎక్కువగా ఆధారపడేది ఇలాంటివాళ్లే, తాళం అందనిదీ వీళ్లకే.

1947కు 'లాక్‌యూఐడీ' అని ఎస్ఎంఎస్ పంపేది వేరే తాళం. అది ఆధార్ నంబరుకు వేసేది, దానికి ముందు వర్చువల్ ఐడీ (ఆధార్ నంబరుకు బదులు వాడే మరో నంబరు) తీసుకుని ఉండాలి. రెంటినీ కలిపేసి చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. ఇంకొకటి: బయోమెట్రిక్ లాక్ వేసినా ఓటీపీతో జరిగే ఈకేవైసీ (ఆన్‌లైన్ గుర్తింపు తనిఖీ) ఆగదు.

ఈ తాళం ఆపలేని మోసం ఒకటుంది. "సర్వర్ లేదమ్మా, ఇంకోసారి వేలు పెట్టు" అని మైక్రో ఏటీఎం ఆపరేటరు రెండుసార్లు డబ్బు తీసి ఒక్కసారికే చేతిలో పెట్టడం. పది నిమిషాల తలుపు తెరిచే ఉంటుంది, వేలు అసలుదే. 2023 ఫిబ్రవరిలో ఉడాయ్ తెచ్చిన, ప్రాణమున్న వేలా రబ్బరు వేలా అని పసిగట్టే విధానం కూడా దీన్ని పట్టలేదు. లావాదేవీ విఫలమైందంటే విఫలమైన రసీదు అడిగి తీసుకున్నాకే మళ్లీ వేలు పెట్టాలి. ఆపరేటర్ల పూర్వాపరాలు బ్యాంకులే సరిచూడాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆలస్యమైనా సరైన దిశే.

అసలు లోపం తాళంలో లేదు, అది మొదట తెరిచి ఉండటంలో ఉంది. చాలా ఖాతాలకు ఆధార్ కలపగానే అడగకుండానే ఏఈపీఎస్ తెరుచుకుంటుంది. దోపిడీ జరిగాక "లాక్ ఎందుకు వేసుకోలేదు?" అంటారు. ఎక్కడుందో తెలియని తలుపుకు గడియ పెట్టలేదని ఇంటివాణ్ణి తిట్టడమిది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్‌తో తెచ్చిన నిబంధన ఈ మాట ఒప్పుకోదు. ఖాతాదారుదే తప్పని నిరూపించే బాధ్యత బ్యాంకుది. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా వ్యవస్థలో మరెక్కడో ఉంటే, లావాదేవీ సంగతి బ్యాంకు నుంచి అందాక మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారికి బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు పొదుపు ఖాతాదారు మీద పడే నష్టం గరిష్ఠంగా 10,000 రూపాయలు. సమాచారం అందిన రోజును లెక్కలోంచి తీసేయాలి, పనిదినాలు మీ హోమ్ బ్రాంచివే. ఎస్ఎంఎస్ రాకుండా పాస్‌బుక్ ఎంట్రీలోనే తెలిస్తే ఆ సంగతి ఫిర్యాదులో తప్పక రాయండి, గడువు వాదన మొత్తం దాని మీదే తిరుగుతుంది.

డబ్బు పోయినరోజు చేయాల్సిన మొదటి పని బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవడం, ఏఈపీఎస్ డెబిట్ ఆపమనడం. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. చేతిలో స్టేట్‌మెంట్‌లోని 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ (లావాదేవీ గుర్తింపు నంబరు) ఉండాలి. తర్వాత మైఆధార్‌లో 'అథెంటికేషన్ హిస్టరీ' దించుకోండి. ఆరు నెలలవి, 50 దాకా చూపిస్తుంది. ఏ రోజు, ఏ గంటకు, ఎవరి ద్వారా వేలిముద్ర వాడారో అందులో ఉంటుంది. "మీరే తీసుండొచ్చు" అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు మరొకటి లేదు. ఈ ఒక్క పేజీ కోసమే ఈ సేవకు ఒక మార్కు ఎక్కువ వేయొచ్చు. పది పనిదినాల్లో సొమ్ము ఖాతాలో తాత్కాలికంగా జమ కావాలి. ముప్ఫై రోజులైనా బ్యాంకు బదులివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, నంబరు 14448.

ఈ తాళానికి నా మార్కులు అయిదుకు మూడున్నర. మొదటి నుంచే మూసి ఉంచి, కావాలన్నవాళ్లకు తెరిచే పద్ధతి పెడితే నాలుగున్నర ఇవ్వొచ్చు.